కొని వాడని లెన్స్

గోళాన్ని ఎత్తుకుపోయింది తమ్ముడే. అందులో తేల్చాల్సిందేమీ లేదు. గోళాల మేస్త్రి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది దొంగ ఎవరో తెలుసుకుందామని కాదు. తెలిసిన దొంగకి రుజువు కావాలి, అంతే.

ఆఫీసు ఓ టైలరు కొట్టు పైన ఉంది. కింద నడిచే కుట్టుమిషన్ల అదురు నేలలోంచి కాళ్ళకి తెలుస్తోంది. బల్ల వెనక కూర్చున్న డిటెక్టివ్ నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న మనిషి. పక్కన ఆవిడ సహాయకుడు. ఆవిడ ఎక్కడికెళ్తే అతనూ అక్కడికే వెళ్తాడు కాబట్టి అందరూ అతన్ని తోక అంటారు. ఆ పేరు అతనికి నామోషీగా లేదు. ఇంత బుర్రకి తోకగా ఉండటం కూడా ఒక ఉద్యోగమే అన్నట్టు కూర్చున్నాడు.

"కూర్చోండి మేస్త్రి గారూ," అంది డిటెక్టివ్.

"కూర్చునే పని కాదు. నా తమ్ముడు దొంగ. అది మీరు రుజువు చెయ్యాలి."

"దొంగని మీరే పట్టేసుకుంటే ఇక మాకు మిగిలిందేముందండీ?" అన్నాడు తోక.

మేస్త్రి అతనివైపు చూడలేదు. పిల్లికి ఎలకతో మాటలేమిటి?

"ఏం పోయింది?" అంది డిటెక్టివ్.

"గోళం. రెండు పిడికిళ్ళంత ఉంటుంది. నా భార్య చేసింది. ఆమె చేసినవాటిలో అదే ఆఖరు."

కూర్చోనన్నవాడు కూర్చున్నాడు. చెప్పింది కొంచెమే. వాళ్ళది భూగోళాలు చేసే ఇల్లు. దేశాలూ సముద్రాలూ అచ్చేసిన కాగితాన్ని తొనల్లాగా కత్తిరించి, తడిపి, బంతి మీద ఒక్కొక్కటే అతికిస్తారు. తొనకీ తొనకీ మధ్య అతుకు కనపడకూడదు. కనపడితే నది ఒకచోట ఆగి ఇంకోచోట మొదలవుతుంది. అతికించడం భార్య పని, చూసి సరే అనడం ఆయన పని. ఆమె పోయింది. ఆయన కంటిచూపు తగ్గింది. తమ్ముడు దుకాణం మూసేద్దామన్నాడు. పనిగదిలో ఉన్నదంతా ఒక మ్యూజియానికి వెళ్తోంది. విప్పి పట్టుకెళ్ళే ముందు గది మొత్తాన్ని ఒకే ఫోటోగా తీసివ్వమని మ్యూజియంవాళ్ళు అడిగారు. ఎటు తిప్పితే అటు కనిపించే ఫోటో.

"తీసిందెవరు?"

"బావమరిది. నా భార్య తమ్ముడు. వాడి బతుకే అది. దీనికి ఏ లెన్స్ కొనాలో తేల్చుకోలేక నెలల తరబడి నా ప్రాణం తోడేశాడు. అన్నం దగ్గర లెన్స్, మంచం దగ్గర లెన్స్. చేపకన్ను లెన్సట. చేపకి ఆ కన్నుండి ఏం లాభం, వలలో పడుతూనే ఉంది."

తోక నవ్వాడు. మేస్త్రి నవ్వించడానికి చెప్పలేదు.

"ఫోటో తీసినప్పుడు గదిలో ఎవరెవరున్నారు?"

"నేను, నా కూతురు, తమ్ముడు, బావమరిది. మనుషులుంటేనే గదికి ప్రాణమని మమ్మల్ని గోడల దగ్గర నిలబెట్టాడు. గోళం షెల్ఫు మీద ఉంది. ఫోటోలో ఉంది, చూసుకోవచ్చు. తియ్యడం అయ్యాక అందరూ బయటికొచ్చారు. తలుపుకి నేనే తాళం వేశాను. భోజనం చేసి వెళ్ళి తెరిస్తే షెల్ఫు ఖాళీ. రెండో తాళంచెవి తమ్ముడి దగ్గరుంది. మధ్యలో వాడు గది తెరిచాడు. గొడుగు మర్చిపోయాట్ట. వీధిలో అందరూ చూశారు. ఇంకేం కావాలి మీకు?"

"భోజనమయ్యాక మీరు గది ఎందుకు తెరిచారు?"

మేస్త్రి కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. "పనుంది."

"ఏం పని?"

"గోళం మీద ఒక తొన వంకరగా పడింది. అప్పటికే ఆమె చేతులు వణుకుతున్నాయి. దాన్ని ఊడదీసి సరిగ్గా అతికిద్దామని. మా ఇంటి సరుకు పదిమంది చూసేచోట వంకరగా ఉండటానికి వీల్లేదు."

"ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"వారం ముందే చెప్పాను. చాటుగా చెయ్యడానికి నేనేమన్నా దొంగనా?"

డిటెక్టివ్ లేచి చెప్పులు వేసుకుంది. తోక అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

*

పనిగది పొడుగ్గా లేదు, వెడల్పుగానూ లేదు. నలుచదరంగా ఉంది. ఒక గోడకి షెల్ఫు, అదే గోడకి షెల్ఫుకి కుడిపక్క పెద్ద కిటికీ. షెల్ఫుకి ఎదురుగోడ దగ్గర మేస్త్రి కూర్చునే పీట, జిగురు గిన్నెలు. ఎడమగోడకి తలుపు. షెల్ఫు మీద దుమ్ములో గుండ్రటి జాడ ఒకటి మిగిలింది. మేస్త్రి దాన్ని తుడవనివ్వలేదు.

బావమరిది లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. భారీ మనిషి. భుజాలు తలుపు నిండా ఉంటాయి, గొంతు మాత్రం అక్కని అన్నం అడిగే తమ్ముడిలాగే ఉంటుంది. వేలితో తోస్తే తెర మీద గది తిరిగింది. షెల్ఫు, షెల్ఫు మీద గోళం, కిటికీ, పీట దగ్గర నిటారుగా మేస్త్రి, తలుపు పక్కన తమ్ముడు, మళ్ళీ షెల్ఫుకి ఎడమపక్క కూతురు.

"అద్భుతం!" అన్నాడు తోక.

"ఏం అద్భుతం?" అన్నాడు మేస్త్రి, బొమ్మ పెద్దది చేయించి తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి. "కళ్ళు పెట్టి చూడు. నా కూతురి శాలువా చూడు. కొంగు గాల్లో తెగిపోయి ఉంది, కత్తెరేసినట్టు. ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తాడుగా, ఆ అతుకు కూడా సరిగా పెట్టుకోలేడు. మా ఇంట్లో ఇంతకాలం తిరిగి వీడు నేర్చుకున్నది ఇదీ."

బావమరిది తల వంచుకున్నాడు. "అక్కడ కుదరలేదు బావా."

"కుదరలేదా? కుదిర్చేవాణ్ణే పనివాడంటారు. ఇంకోటి చూడండి. తమ్ముడి కళ్ళు. నేను లెన్స్ వైపు చూస్తున్నాను. వాడి మొహం లెన్స్ వైపుంది, కళ్ళు షెల్ఫు వైపున్నాయి. ఫోటో తీస్తున్నప్పుడు కూడా దాని మీదే కన్ను! ఇంతకన్నా సాక్ష్యం ఉంటుందా?"

డిటెక్టివ్ తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. తరవాత అడిగిన ప్రశ్న వింటే మేస్త్రికి ఒళ్ళు మండింది.

"లెన్స్ ఎంచుకోడానికి అంత కష్టపడ్డారట, ఎందుకండీ?"

బావమరిది మొహం వెలిగింది. ఎండిన చేనుకి వాన పడ్డట్టు మాటలు మొలిచాయి.

"రెండు రకాలండీ. నా పాతది కాస్త ఇరుకు. గది చుట్టూ తిరగాలంటే ఎక్కువ ముక్కలు తియ్యాలి, ముక్క మాత్రం వివరంగా వస్తుంది. కొత్తది సగం గదిని ఒక్క చూపులో మింగేస్తుంది. గుండ్రంగా వస్తుంది బొమ్మ. అంత వివరం ఉండదు, కానీ నాలుగు తిప్పులు తిప్పితే పని అయిపోతుంది. ఖాళీ గదైతే పాతదే మేలు. మనుషులున్న గదైతే కొత్తదే. మనిషి కదులుతాడు కదండీ. ఒక ముక్కలో చెయ్యి పైకి, పక్క ముక్కలో కిందకి ఉంటే ఎలా అతకను? ఇక్కడ మనుషుల్ని పెడదామనే చివరికి కొత్తది కొన్నాను."

"ఆ లెన్స్‌కి ఇబ్బందులేమీ లేవా?"

"ఒకటుందండీ. మరీ ఎక్కువ చూస్తుంది. వెనక నిలబడ్డ నేను మోచెయ్యి కాస్త పక్కకి పెడితే చాలు, అది కూడా పడిపోతుంది. పుల్లలాగా ముడుచుకుని నిలబడాలి." తన భుజాలు తనే చూసుకుని నవ్వాడు. "నాకది కష్టమే."

"అయితే ఈ ఫోటో కొత్తదాంతోనే తీశారన్నమాట."

నవ్వు ఆగింది. "లేదండీ. పాతదాంతోనే."

"అదేమిటి?"

"కొత్తది... ఇంకా చేతికి అలవాటు కాలేదు."

"అబద్ధం," అన్నాడు మేస్త్రి విసుగ్గా. "నెల నుంచీ వీధిలో కుక్కని కూడా దాంతోనే తీస్తున్నాడు. ఆ రోజు కూడా సంచిలో తెచ్చాడు, నేను చూశాను. మళ్ళీ మనసు మార్చుకుని ఉంటాడు. మనిషికి నిలకడ ఉంటేగా! అయినా ఈ గోలంతా మనకెందుకమ్మా? నేను చెప్పేది తమ్ముడి గురించి."

"అతికించక ముందరి ముక్కలు ఉన్నాయా?"

"తీసేశానండీ," అన్నాడు బావమరిది నేల చూస్తూ. "చోటు చాలక."

డిటెక్టివ్ తల ఊపింది. మేస్త్రి వైపు తిరిగింది. "ఫోటో తీస్తున్నప్పుడు మీరు చూసింది చూసినట్టు చెప్పండి. మీ వంతు వచ్చినప్పుడు."

"ఏముంది చూడ్డానికి? లెన్స్ వైపే చూడు బావా, కదలకు, ఊపిరి బిగబట్టు అన్నాడు. కెమెరా వెనక నల్లగుడ్డ రెండు చేతులా చాపి పట్టుకుని నిలబడ్డాడు, రెక్కలు విప్పిన కాకిలాగ. కిటికీ వెలుతురు ఎక్కువగా ఉందన్నాడు. షట్టర్ కూడా దారంతోనో దేంతోనో నొక్కాడు. కాళ్ళు పీకాయి. అంతే."

"అందరికీ అలాగే గుడ్డ పట్టుకున్నారా?"

"నాకేం తెలుసు? నా వంతులో పట్టుకున్నాడు."

తోక ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

కూతురు మంచినీళ్ళు తెచ్చింది. సన్నటి పిల్ల, తల్లి పోలిక. అతుకు పని తనకీ వచ్చు కానీ తండ్రి ఎప్పుడూ ఆమె చేతికి గోళం ఇవ్వలేదు. డిటెక్టివ్ అడిగినవాటికి పొట్టిగా జవాబు చెప్పింది. ఫోటో అయ్యాక ముందుగా బయటికెళ్ళింది తనే, టీ పెట్టడానికి. గోళం ఉందో లేదో గమనించలేదు.

"అంత ఇష్టమైన వస్తువు పక్కనే నిలబడి గమనించలేదా అమ్మా?"

"ఇష్టమని నేననలేదే."

"నేనంటున్నాను."

పిల్ల ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. "దాన్నెందుకు పీడిస్తారు?" అన్నాడు మేస్త్రి. "అసలువాణ్ణి వదిలేసి చుట్టుపక్కల తవ్వుతారేం? ఇల్లు కాలుతుంటే బావి లోతు కొలిచినట్టుంది మీ పద్ధతి."

*

తమ్ముడు చవక లాడ్జిలో ఉన్నాడు. గోళం పోయిన రోజే మేస్త్రి అతని పెట్టె తీసి వీధిలో పెట్టాడు. ఇరుగుపొరుగు వాకిళ్ళలోకొచ్చి చూశారు. ఎవరూ అడ్డం రాలేదు. తమ్ముడు పెట్టె ఎత్తుకుని ఒక్క మాటా అనకుండా వెళ్ళాడు.

అన్నదమ్ములిద్దరికీ అంతకుముందే మాటలు లేవు. మేస్త్రి భార్య పోయిన రోజున, ఇంటినిండా జనం ఉండగా, తమ్ముడు అన్నాడు: "వదిన నీ చూపుకి భయపడుతూనే పోయింది అన్నయ్యా." ఆ మాటని మేస్త్రి క్షమించలేదు. అది అబద్ధమైతే క్షమించేవాడేమో.

లాడ్జి గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ డిటెక్టివ్‌కిచ్చి తమ్ముడు మంచం మీద కూర్చున్నాడు. మేస్త్రి గుమ్మం దాటలేదు. రావద్దన్నా వచ్చాడు.

"గొడుగు కోసం గది తెరిచారట," అంది డిటెక్టివ్.

"అవునండీ."

"ఆ రోజు వాన లేదు."

"ఎండకి కూడా వేసుకుంటారండీ గొడుగు."

"బయటికెళ్ళే పనుందా?"

"లేదు."

"మరి?"

"గొడుగు నాది, తాళంచెవి నాది. తెచ్చుకోవాలనిపించింది." సన్నగా నవ్వాడు. "మా వదిన ఉండుంటే, ఇంట్లోనే గొడుగేసుకుని తిరుగుతావేంటయ్యా అనేది."

"ఆమె పేరెత్తకు," అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి.

"గోళం మీరు తీశారా?" అంది డిటెక్టివ్.

"మా అన్నయ్య తీశానన్నాడుగా. ఆయన మాట ఎప్పుడన్నా తప్పయిందా?"

"చూశారా! ఒప్పుకున్నాడు," అన్నాడు మేస్త్రి.

"ఆయన ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు," అంది డిటెక్టివ్. "ఫోటోలో మీరు షెల్ఫు వైపు చూస్తున్నారు. ఏం చూశారు?"

తమ్ముడు తన అరచేతులకేసి చూసుకున్నాడు. "దూరపు చూపు అంత ఆనదండీ నాకు."

మెట్లు దిగుతుంటే మేస్త్రి ఉండబట్టలేకపోయాడు. "వాడు గద్దలాగా చూడగలడు. వీధి చివర బోర్డు చదువుతాడు. అబద్ధం నోటినిండా ఉంది. ఇంకా మీకేం కావాలి? వాడే దొంగని రాసివ్వడానికి చేతులు రావా?"

"ఆయన అబద్ధం చెప్పారు, నిజమే," అంది డిటెక్టివ్. "ఎవరికోసం చెప్పారన్నదే చూడాలి."

మేస్త్రికి కోపం కూడా రాలేదు. అలసట వచ్చింది. నిజం చెప్పడానికి వెళ్ళినచోటల్లా ప్రశ్నలే ఎదురొస్తున్నాయి. కళ్ళెదుట కొండంత దొంగ నిలబడి ఉంటే ఈవిడ లెన్సుల లెక్కలూ శాలువా కొంగులూ చూసుకుంటోంది. ఆ మర్నాడు తోక ఒక్కడే వచ్చి కెమెరా స్టాండు గదిలో ఎక్కడ పెట్టారో సుద్దతో గుర్తేయించుకున్నాడు. కిటికీ ఏ వైపుందో రెండుసార్లు అడిగాడు. "గోడలో ఉంది, ఎటూ పోదు," అన్నాడు మేస్త్రి.

"మా మేడమ్ ఊరికే అడగరండీ."

"ఊరికే అడగరు. ఊరంతా అడుగుతారు."

*

అందరినీ పనిగదిలోకి పిలిచింది డిటెక్టివ్. తమ్ముణ్ణి మాత్రం తోక వెళ్ళి తీసుకొచ్చాడు. అతను గడప బయటే ఆగాడు. మేస్త్రి రమ్మనలేదు, వద్దనలేదు. డిటెక్టివ్ చెయ్యి చూపించాక లోపలికొచ్చాడు.

"ఫోటోలో ఎక్కడున్నారో అక్కడే నిలబడండి," అంది ఆవిడ. సుద్ద గుర్తు మీద స్టాండు, స్టాండు మీద పాత లెన్సుతో కెమెరా. "మీరు మీ చోట నిలబడండి ఫోటోగ్రాఫర్ గారూ. నల్లగుడ్డ కూడా తీసుకోండి."

బావమరిది గుడ్డ అందుకోలేదు. తోకే తీసి అతని చేతిలో పెట్టాడు.

"మేస్త్రి గారు మొదటిరోజే నాకు రుజువులన్నీ ఇచ్చేశారు," అంది డిటెక్టివ్. "ఆయన కన్ను అలాంటిది. తప్పు ఎక్కడున్నా వదలదు. గోళం ఫోటోలో ఉంది. ఫోటో అయ్యీ అవగానే ఆయనే తాళం వేశారు. కాబట్టి ఆ తరవాతే పోయిందనుకున్నారు. కానీ ఈ ఫోటో ఒక్క క్షణంలో తీసింది కాదు. ముక్క తరవాత ముక్క తీసింది. మొదటి ముక్క షెల్ఫు. ఆ ముక్క తీసినప్పుడు గోళం అక్కడుంది. అంతవరకే ఫోటో చెప్పేది. లెన్స్ అటునుంచి తిరిగాక ఏమైందో చెప్పదు."

"తిరిగాక ఏమవుతుంది? అందరం గదిలోనే ఉన్నాం," అన్నాడు మేస్త్రి. "నా ఎదురుగోడే అది. నాకు కనపడదా?"

"అది చూద్దాం. కెమెరా మేస్త్రి గారి వైపు తిప్పండి. మీరు వెనక నిలబడి, ఆ రోజు పట్టుకున్నట్టే గుడ్డ పట్టుకోండి."

బావమరిది చేతులు నెమ్మదిగా చాచాడు. ఆ భుజాలు, ఆ నల్లగుడ్డ కలిసి గది మధ్యలో గోడ లేచినట్టయింది.

"మేస్త్రి గారూ, మీ కూతురు కనబడుతోందా?"

మేస్త్రి పక్కకి వంగబోయాడు.

"వంగకండి. ఆ రోజు ఊపిరి కూడా బిగబట్టమన్నారు కదా. షెల్ఫు కనబడుతోందా?"

"గుడ్డే కనబడుతోంది," అన్నాడు మేస్త్రి.

"కిటికీ వెలుతురికి అడ్డం అన్నారు. కిటికీ షెల్ఫు గోడకే ఉంది. లెన్స్ ఆ గోడవైపు ఉంటే వెలుతురు దానికి ఎదురు. మీవైపు తిరిగినప్పుడు కిటికీ దాని వీపుకి ఉంటుంది. వీపుకి గొడుగెందుకు? ఆ గుడ్డ అడ్డుపెట్టింది వెలుతురికి కాదు, మీ కళ్ళకి. అది లేకపోతే అమ్మాయి కదలడం మీకు తెలిసేది; అది దిగాక షెల్ఫు ఖాళీ అని ఇంత దూరం నుంచి మీ చూపుకి ఆనదు. అందుకే కొత్త లెన్స్ సంచిలోంచి బయటికి రాలేదు. నెలల తరబడి ఆలోచించి, మనుషులున్న గదికి ఇదే సరైనదని తేల్చి కొన్న లెన్స్ అది. కానీ దానికి ఫోటోగ్రాఫర్ మోచెయ్యి కూడా కనబడుతుంది. గుడ్డ చాపి నిలబడితే గుడ్డంతా ఫోటోలో పడుతుంది. పాతదాని చూపు ఇరుకు. దాని వెనక రెక్కలు చాపుకోవచ్చు. తెలిసిన పనివాడు తెలిసి తెలిసి తప్పు పనిముట్టు పట్టాడంటే, ఆ రోజు అతను చేస్తున్నది వేరే పని."

బావమరిది చేతులు దించేశాడు. గుడ్డ నేల మీద పడింది.

"ఇక శాలువా. షెల్ఫు మొదటి ముక్క. చుట్టూ తిరిగొచ్చాక అమ్మాయి ఉన్నది ఆఖరు ముక్క. పక్కపక్క ముక్కలు అంచుల్లో కొంత కలుస్తాయి, ఆ కలిసేచోటే అతుకు వస్తుంది. మొదటి ముక్కలో అమ్మాయి సగం పడింది. అప్పుడు శాలువా కొంగు వేలాడుతోంది. ఆఖరు ముక్కలో అమ్మాయి పూర్తిగా ఉంది, శాలువా ఒంటికి చుట్టుకుంది. లోపల గోళం ఉంది కాబట్టి. అందుకే కొంగు గాల్లో తెగింది. ఆఖరు ముక్కనే కాస్త ముందుకి జరిపితే శాలువా కుదిరేది. కానీ ఆ ముక్క అంచులో షెల్ఫు కూడా ఉంది, ఖాళీ షెల్ఫు. చేతకాక కాదు, మేస్త్రి గారూ. మీ బావమరిది అక్కడ అతుకు కుదర్చకూడదు కాబట్టి కుదర్చలేదు. మీరు అతుకు తప్పిందని చూశారు. ఎందుకు తప్పిందని అడగలేదు."

కూతురు గుమ్మం వైపు నడిచింది.

"మరి వాడు?" అన్నాడు మేస్త్రి. తమ్ముడివైపు వేలు చూపించాడు కానీ చూడలేదు. "వాడి కళ్ళు?"

"మీ తరవాత ఆయన వంతు. ఆయన నిలబడ్డ చోటునుంచి ఈ గుడ్డ అడ్డం రాదు. మొహం లెన్స్‌కిచ్చి, కళ్ళతో అమ్మాయిని చూశారు. మీ వంతులోనే గోళం శాలువాలోకి వెళ్ళడం చూశారు, తన వంతొచ్చినా కళ్ళు అక్కణ్ణుంచి రాలేదు. తరవాత మీరు పెట్టె వీధిలో పెట్టినప్పుడు కూడా నోరు విప్పలేదు. ఎండలో గొడుగు కోసం వీధంతా చూస్తుండగా తలుపు ఎందుకు తెరిచారో నాకు తెలీదు. అనుమానం అమ్మాయి మీద పడకూడదనేనా అని అడిగినా చెప్పరు."

"గొడుగు కోసమేనండీ," అన్నాడు తమ్ముడు.

కూతురు అప్పటికే బయటికెళ్ళింది. బియ్యం డబ్బాలోంచి తీసిందేమో, తెల్లటి పిండి అంటుకున్న చేతులతో గోళం తెచ్చి తండ్రి ముందు బల్ల మీద పెట్టింది.

"నేనే తీశాను నాన్నా. మామయ్యని నేనే బతిమాలాను. బాబాయ్‌కి ఏమీ తెలీదనుకున్నాను." గోళానికంటిన పిండి తుడిచింది. "బాబాయ్ పెట్టె వీధిలో పడ్డప్పుడు చెప్పేద్దామనుకున్నాను. చెబితే నువ్వు దీన్ని ఊడదీస్తావు. రోజూ పొద్దున్నే చెబుదామని లేచేదాన్ని, నీ మొహం చూసి ఆగిపోయేదాన్ని. పాపం నాదే."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కానా?" అన్నాడు మేస్త్రి.

"అడిగాను. నువ్వు వారం ముందు చెప్పిన రోజునే అడిగాను. వంకర వంకరే అన్నావు."

అన్నాడు. ఆయనకి గుర్తుంది.

"ఆ తొన అతికించడానికి అమ్మకి ఒక పూటంతా పట్టింది నాన్నా. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని అతికించింది. మామయ్యా నేనూ పక్కనే ఉన్నాం, సాయం పడతామంటే ఒప్పుకోలేదు. నువ్వు చూశావు. చూసి, దీన్ని బయటికి పంపను అన్నావు. అమ్మ సరే అంది. అమ్మ చేతిలో మనకి మిగిలింది ఆ వంకర ఒక్కటే. మిగతావన్నీ ఎవరు చేసినా అలాగే ఉంటాయి."

"నా బతుకంతా అతుకులు కప్పిపెట్టడమే బావా," అన్నాడు బావమరిది. "అక్క అతుకు మాత్రం కప్పనివ్వదల్చుకోలేదు."

మేస్త్రి గోళం చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు ఆనకపోయినా బొటనవేలు దారి వెతుక్కుంది. ధ్రువం దగ్గర నున్నగానే ఉంది. కిందకి వస్తుంటే ఒకచోట కాగితం అంచు గోరుకి తగిలింది. తీరం రెండుగా చీలి, వెంట్రుకవాసి జరిగి, మళ్ళీ కలిసింది. గోరు అక్కడే ఆగింది. కొంచెం ఎత్తితే చాలు, తొన లేచి వస్తుంది. ఆ పని ఆ చేతికి తెలిసినంత బాగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలీదు.

కూతురు ఒక అడుగు ముందుకేసింది.

గోరు వెనక్కి వచ్చింది. మేస్త్రి గోళాన్ని కూతురి చేతుల్లో పెట్టాడు. పెట్టడం కాదు, వదిలించుకున్నాడు.

"ఉంచుకో. మ్యూజియానికిస్తావో ఇంట్లో పెట్టుకుంటావో నీ ఇష్టం. నేను ముట్టను."

"నాన్నా..."

"చాలు."

డిటెక్టివ్ తోకకి సైగ చేసింది. అతను స్టాండు మడవడం మొదలుపెట్టాడు. అడిగిన రుజువు ఇచ్చేశాక ఆవిడకి ఆ గదిలో పని లేదు. గడప దగ్గర మాత్రం ఒకసారి ఆగి, "మీ తమ్ముడిగారు ఇంకా లాడ్జిలోనే ఉన్నారు, మేస్త్రి గారూ," అంది.

తమ్ముడు తలుపు పక్కనే, ఫోటోలో నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. ఎవరూ అతన్ని కదలమనలేదు. అందరూ మేస్త్రి వైపు చూశారు. వాళ్ళు దేనికోసం చూస్తున్నారో ఆయనకి తెలుసు. తప్పయింది అన్న ఒక్క మాట. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. దాని వెనకే, భార్య పోయిన రోజున జనం మధ్య తమ్ముడన్న మాట కూడా వచ్చింది. ఇది పైకొస్తే అదీ నిజమని ఒప్పుకోవాలి. రెండిట్లో దేన్నీ ఆయన పైకి రానివ్వలేదు.

"ఇంట్లో నీ గది నీదే. తాళం వెయ్యలేదు," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"అన్నయ్యా, నేను ఆ రోజు..."

"వద్దు." మేస్త్రి జిగురు గిన్నె మీద మూత పెట్టి గట్టిగా నొక్కాడు. "ఈ సంగతి ఇంతటితో సరి. నువ్వన్నదీ వద్దు, నేను చేసిందీ వద్దు. నా ముందు ఎవరూ దీన్ని మళ్ళీ ఎత్తకండి. నేను ఎత్తను."

ఆ తరవాత ఎత్తలేదు.